చివరి ఘడియలో అభ్యర్థి తప్పుకుంటే, బ్యాలెట్ మీద పేరు ఎవరి చేతిలో ఉంటుంది?

2024 జులై 21. మనకు ఆదివారం రాత్రి పదకొండు దాటింది. సరిగ్గా అప్పుడే జో బైడెన్ ఉత్తరం ఒకటి ఎక్స్‌లో ప్రత్యక్షమైంది. అధ్యక్ష పోటీ నుంచి తప్పుకుంటున్నానని దాని సారాంశం. అరగంట తిరక్కముందే, తన బదులు కమలా హారిస్‌ను నిలబెట్టాలని కూడా ఆయన చెప్పేశారు. పోలింగ్ నవంబర్ 5న. మధ్యలో మిగిలినవి 107 రోజులు.

వెంటనే అందరినీ పట్టుకున్న ప్రశ్న ఒకటే. ఇంత ఆలస్యంగా బ్యాలెట్ మీద పేరు మార్చనిస్తారా? ప్రతినిధుల సభ స్పీకర్ మైక్ జాన్సన్ అయితే, కొన్ని రాష్ట్రాల్లో ఇది చట్టపరంగా చిక్కుల్లో పడుతుందని అన్నారు. కోర్టుల్లో కేసులు తప్పవన్న మాట టీవీ చర్చల్లో రోజుల తరబడి నలిగింది. చివరికి హారిస్ పేరు యాభై రాష్ట్రాల్లోనూ, వాషింగ్టన్ డీసీలోనూ బ్యాలెట్ మీదికి ఎక్కింది. ఎక్కడా పెద్ద అడ్డంకి రాలేదు. కారణం చాలా చిన్నది. అప్పటికి బైడెన్ పేరు ఏ బ్యాలెట్ మీదా లేనే లేదు. లేని పేరును మార్చేదేముంది?

ఇది మనకు వెంటనే మింగుడుపడకపోవడానికి మనం చూసే ఎన్నికలే కారణం. మనకు నామినేషన్, పరిశీలన, ఉపసంహరణ గడువు, బీఫాం అన్నీ ఒకే వరసలో, ఒకే ఎన్నికల సంఘం కనుసన్నల్లో జరిగిపోతాయి. గడువు దాటితే అంతే. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఇండోర్ కాంగ్రెస్ అభ్యర్థి ఉపసంహరణకు చివరి రోజైన ఏప్రిల్ 29న పోటీ నుంచి తప్పుకుంటే, ఆ పార్టీకి అక్కడ ఇంకొకరిని నిలబెట్టే దారి మిగల్లేదు. నోటాకు రెండు లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. అభ్యర్థి మరణిస్తే మాత్రం చట్టం కాస్త ఆగుతుంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 52వ సెక్షన్ ప్రకారం, గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి పోలింగ్‌కు ముందు చనిపోతే ఎన్నిక వాయిదా పడుతుంది, కొత్త అభ్యర్థిని ఇవ్వడానికి పార్టీకి ఏడు రోజులు దొరుకుతాయి. ఈ సెక్షన్‌లోని ‘గుర్తింపు పొందిన’ అన్న మాట బరువు కర్నూలు జిల్లావాళ్లకు బాగా తెలుసు. 2014 ఏప్రిల్ 24న ఆళ్లగడ్డ అభ్యర్థి శోభా నాగిరెడ్డి రోడ్డు ప్రమాదంలో కన్నుమూశారు. వైఎస్సార్ కాంగ్రెస్‌కు అప్పటికి గుర్తింపు పొందిన పార్టీ హోదా లేదు కాబట్టి ఎన్నిక ఆగలేదు. మే 7న ఈవీఎం మీద ఆమె పేరు అలాగే ఉంది. ఆళ్లగడ్డ ఆమెనే గెలిపించింది. తర్వాత ఉప ఎన్నికలో ఆమె కుమార్తె అఖిలప్రియ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు.

చనిపోయిన మనిషి పేరుకు ఓటు వేస్తే అది ఎవరికి చెందుతుందన్న ప్రశ్న ఆ రోజు ఆళ్లగడ్డలో ప్రతి ఇంటి ముందూ నిలబడింది. అమెరికా అధ్యక్ష ఎన్నికలో ఆ ప్రశ్న ఇంకా చాలా పెద్దది. అక్కడ మన ఎన్నికల సంఘం లాంటి పెద్ద దిక్కు లేదు. బ్యాలెట్ ఎప్పుడు అచ్చువేయాలో, ఎవరి పేరు ఉండాలో, ఎవరిది తీసేయవచ్చో ప్రతి రాష్ట్రం తన చట్టం తాను రాసుకుంటుంది. అందుకే పేరు మార్చవచ్చా అని అడిగితే ఒక్కమాటలో జవాబు దొరకదు. ఏ తేదీన అని ఎదురు ప్రశ్న వేయాల్సిందే. ఆ హక్కు క్యాలెండర్‌తో పాటు చేతులు మారుతూ పోతుంది: మొదట పార్టీ డెలిగేట్లు అంటే పార్టీ మహాసభకు వెళ్లే ప్రతినిధులు, తర్వాత పార్టీ జాతీయ కమిటీ, ఆపైన రాష్ట్ర అధికారులు, కోర్టులు, పోలింగ్ అయ్యాక అధ్యక్షుడికి లాంఛనంగా ఓటేసే ఎలక్టర్లు, చిట్టచివర అమెరికా పార్లమెంటయిన కాంగ్రెస్.

బైడెన్ తప్పుకున్నప్పుడు అది ఇంకా డెలిగేట్ల చేతిలోనే ఉంది. ప్రైమరీలలో ఆయనకు దాదాపు 1.4 కోట్ల ఓట్లు వచ్చాయి, మూడు వేల ఎనిమిది వందలకు పైగా డెలిగేట్లు ఆయన వైపు ఉన్నారు. అయినా ప్రైమరీ అన్నది పార్టీ లోపలి ఎంపిక. అందులో ఓటరు నిజంగా పంపేది మహాసభకు డెలిగేట్లను. అధికారిక అభ్యర్థి పుట్టేది ఆ డెలిగేట్లు ఓటేసిన రోజున. డెమొక్రాటిక్ పార్టీ నియమం వాళ్లకు గొలుసు వేయదు. తమను ఎన్నుకున్నవారి మనోభావాన్ని మనస్సాక్షి మేరకు ప్రతిబింబించమని మాత్రమే చెబుతుంది. తమ మనిషే పక్కకు జరిగాక వాళ్లు ఎవరికైనా ఓటేయవచ్చు. నలభై ఎనిమిది గంటలు గడవకముందే గెలుపుకు కావలసిన 1,976 మందికి మించి హారిస్ వెంట నిలిచినట్టు లెక్కలు తేలాయి.

ప్రైమరీలో ఓటేసిన కోటీ నలభై లక్షల మందిని పక్కకు నెట్టేశారన్న విమర్శ అప్పుడు గట్టిగా వినిపించింది. దాన్ని నేను కొట్టిపారేయను. ప్రజలు ఒకరికి ఓటేసి మరొకరిని చూడాల్సి రావడం చిన్న విషయం కాదు. కానీ అది న్యాయానికి, పార్టీ నడతకు సంబంధించిన ఫిర్యాదు. దాన్ని చట్టం తప్పిందన్న ఆరోపణగా మార్చినప్పుడే ప్రజలకు అబద్ధం చేరింది. పైగా ఆ ఓట్లన్నీ బైడెన్, హారిస్ కలిసి పోటీ చేస్తారన్న ఎరుకతోనే పడ్డాయి.

ఇక్కడ ఒహాయో సంగతి చెప్పాలి. ఆ రాష్ట్రంలో పార్టీలు అభ్యర్థి పేరు ఇవ్వడానికి గడువు పోలింగ్‌కు 90 రోజుల ముందు, అంటే ఆగస్టు 7. డెమొక్రాట్ల మహాసభ షికాగోలో ఆగస్టు 19న మొదలయ్యేలా ముందే ఖరారైంది. గడువు పొడిగించే చట్టానికి ఒహాయో గవర్నర్ జూన్ మొదట్లో సంతకం పెట్టినా, అది అమల్లోకి వచ్చేది సెప్టెంబర్‌లో. ఆ సందులో ఎవరైనా కోర్టుకు వెళ్తే మొత్తానికే ఎసరు వస్తుందన్న భయంతో, మహాసభకు ముందే ఆన్‌లైన్‌లో ఓటింగ్ పెట్టాలని పార్టీ మే నెలలోనే అనుకుంది. బైడెన్ కోసం వేసుకున్న ఆ దారే హారిస్‌కు ఉపయోగపడింది. పోటీకి దిగాలంటే కనీసం 300 మంది డెలిగేట్ల సంతకాలు, ఒక్కో రాష్ట్రం నుంచి యాభైకి మించకుండా, తేవాలన్నారు. తెచ్చింది ఆమె ఒక్కరే. ఆగస్టు 1న ఓటింగ్ మొదలైతే మర్నాటికే ఆమె మెజారిటీ దాటారు. 5వ తేదీకి ఓటింగ్ ముగిసింది, 6న టిమ్ వాల్జ్‌ను ఉపాధ్యక్ష అభ్యర్థిగా ప్రకటించారు. షికాగోలో జరిగిన రోల్ కాల్, అంటే రాష్ట్రాల పేర్లు పిలిచి ఓట్లు చెప్పించడం, ఉత్సవమే గాని, చట్టం దృష్టిలో పని అప్పటికే అయిపోయింది.

ప్రచార నిధుల మీద కూడా గొడవ నడిచింది. బైడెన్ ప్రచార కమిటీ ఖాతాలో సుమారు 9.6 కోట్ల డాలర్లు ఉన్నాయి. ఆ కమిటీ మొదటి నుంచీ ఇద్దరి పేరు మీదా నమోదై ఉండడంతో పేరు మార్చుకుని ముందుకు సాగింది. ట్రంప్ ప్రచార బృందం, ప్రచార నిధుల సంగతి మాత్రమే చూసే ఫెడరల్ ఎన్నికల కమిషన్‌కు ఫిర్యాదు చేసినా ప్రచారం ఆగలేదు.

నామినేషన్ అయిపోయాక

డెలిగేట్లు ఓటేసి ఇళ్లకు వెళ్లిపోయాక అభ్యర్థి తప్పుకుంటే? ఇక పార్టీ జాతీయ కమిటీ చేతికి వస్తుంది. రిపబ్లికన్లకు తొమ్మిదో నియమం అని ఒకటుంది. మరణం వల్ల గాని, నిరాకరణ వల్ల గాని, మరే విధంగా గాని ఖాళీ ఏర్పడితే 168 మంది సభ్యుల జాతీయ కమిటీ దాన్ని భర్తీ చేయవచ్చు, లేదా మహాసభను మళ్లీ పిలవవచ్చు. కమిటీలో ప్రతి రాష్ట్రానికీ ముగ్గురే ఉన్నా, వాళ్ల ఓటు బరువు మహాసభలో ఆ రాష్ట్రానికి ఎంత ఉందో అంతే. డెమొక్రాట్లకూ ఇలాంటి ఏర్పాటే ఉంది. పార్టీ అధ్యక్షుడు కాంగ్రెస్‌లోని నాయకులతో, గవర్నర్లతో సంప్రదించాక జాతీయ కమిటీ ఓటేస్తుంది.

దీన్ని ఆధునిక కాలంలో నిజంగా వాడింది ఒక్కసారి, అదీ ఉపాధ్యక్ష స్థానానికి. 1972లో డెమొక్రాటిక్ అధ్యక్ష అభ్యర్థి జార్జ్ మెక్‌గవర్న్ తన జోడీగా మిస్సోరీ సెనేటర్ థామస్ ఈగల్టన్‌ను ఎంచుకున్నారు. ఈగల్టన్ మానసిక కుంగుబాటుకు ఆసుపత్రిలో కరెంటు షాక్ చికిత్స తీసుకున్నారన్న సంగతి కొద్ది రోజుల్లోనే బయటపడింది. జులై 31న ఆయన తప్పుకున్నారు. ఆగస్టు 8న జాతీయ కమిటీ సమావేశమై సార్జెంట్ ష్రైవర్‌ను నిలబెట్టింది. ఆగస్టు మొదటివారం కాబట్టి బ్యాలెట్ల అచ్చుకు ఇంకా సమయం ఉంది, చట్టం అడ్డురాలేదు. నెగ్గడం వేరే సంగతి. నవంబర్‌లో మెక్‌గవర్న్ 49 రాష్ట్రాల్లో ఓడిపోయారు.

ఈ నియమాలతో పార్టీకి ఖాళీ నింపే అధికారం వస్తుంది, ఖాళీ సృష్టించే అధికారం రాదు. 2016 అక్టోబర్ 7న డొనాల్డ్ ట్రంప్ మహిళల గురించి అసభ్యంగా మాట్లాడిన టేపు బయటికి వచ్చినప్పుడు, ఆయన్ను తీసేసి ఇంకొకరిని పెట్టాలని సొంత పార్టీలోనే చాలామంది అడిగారు. తొమ్మిదో నియమాన్ని అందరూ తిరగేశారు. తప్పుకోను అని మనిషి భీష్మించుకుంటే ఆ నియమం ముందుకు కదలదు. పైగా అప్పటికే చాలా రాష్ట్రాల్లో బ్యాలెట్లు అచ్చయ్యాయి, ముందస్తు ఓట్లు పడుతున్నాయి.

అచ్చు మొదలయ్యాక

అసలు చిక్కంతా ఈ దశలోనే ఉంది. సైన్యంలో ఉన్నవారికి, విదేశాల్లో ఉన్న ఓటర్లకు పోలింగ్‌కు కనీసం 45 రోజుల ముందు బ్యాలెట్ పంపాలని కేంద్ర చట్టం. 2024లో ఆ రోజు సెప్టెంబర్ 21. అంటే సెప్టెంబర్ మొదటివారానికి అచ్చు యంత్రాలు తిరుగుతూ ఉంటాయి. నార్త్ కరోలినాది ఇంకా తొందర; అక్కడ 60 రోజుల ముందే, సెప్టెంబర్ 6నే, పోస్టు బ్యాలెట్లు కదలాలి.

ఆ రాష్ట్రంలోనే ఈ పరీక్ష ఎదురైంది. ఆగస్టు 23న, రెండు ప్రధాన పార్టీలకూ బయట అధ్యక్ష పోటీలో ఉన్న రాబర్ట్ ఎఫ్. కెన్నెడీ జూనియర్ తన ప్రచారం ఆపి ట్రంప్‌కు మద్దతిచ్చారు. గెలుపోటములు తేల్చే రాష్ట్రాల్లో తన పేరు తీయించుకుంటానని చెప్పారు. నార్త్ కరోలినా ఎన్నికల బోర్డు 3–2 ఓట్లతో కుదరదంది. కౌంటీలు అప్పటికే లక్షల బ్యాలెట్లు అచ్చు వేసేశాయి. మనకు బ్యాలెట్ అంటే నియోజకవర్గానికి ఒకటి. అక్కడ ఒకే కాగితం మీద అధ్యక్షుడి నుంచి కౌంటీ పదవుల దాకా అన్నీ ఉంటాయి; ఏ వీధిలో ఉంటే ఆ వీధికి వర్తించే పదవుల జాబితా. ఆ ఒక్క రాష్ట్రంలోనే రెండు వేలకు పైగా రకాల బ్యాలెట్లు. ఒక పేరు తీయాలంటే అవన్నీ మళ్లీ కూర్చాలి, సరిచూడాలి, యంత్రాల్లో పరీక్షించాలి, కవర్లలో పెట్టాలి.

సెప్టెంబర్ 6న, సరిగ్గా బ్యాలెట్లు పోస్టులో వేయాల్సిన రోజున, అప్పీళ్ల కోర్టు ఆపమంది. 9న రాష్ట్ర సుప్రీంకోర్టు 4–3 తీర్పుతో పేరు తీయాల్సిందేనంది. పోటీలో లేని మనిషి పేరు ఉంచితే ఓటరు పొరబడి తన ఓటు వృథా చేసుకుంటాడని మెజారిటీ జడ్జిల వాదన. బ్యాలెట్లు మళ్లీ అచ్చు వేసి, విదేశాల్లోని వారికి 20న, మిగతావారికి 24న పంపడం మొదలుపెట్టారు. క్యారీ, మోరిస్‌విల్ లాంటి ఊళ్లలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో పోస్టు ద్వారా ఓటు అడిగినవారికి కూడా ఈ రెండున్నర వారాల ఆలస్యం తగిలే ఉంటుంది.

అదే సెప్టెంబర్ 9న, అదే మనిషి గురించి, మిషిగన్ సుప్రీంకోర్టు సరిగ్గా వ్యతిరేకంగా చెప్పింది: పేరు ఉండాల్సిందే. చిన్న పార్టీ నామినేషన్ తీసుకున్నాక తప్పుకోవడం కుదరదని అక్కడి ఎన్నికల అధికారుల వాదన. విస్కాన్సిన్ చట్టం ఇంకా కచ్చితం. ఒకసారి అర్హత పొందాక చనిపోతే తప్ప పేరు పోదు. బ్యాలెట్ల మీద కెన్నెడీ పేరు కనబడకుండా స్టిక్కర్లు అంటించవచ్చని ఆయన లాయర్లు అడిగినా కోర్టు వినలేదు. రెండు రాష్ట్రాల మీదా అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్లారు; అక్టోబర్ 29న రెండూ తిరస్కరించారు. పోటీలో లేని ఆ అభ్యర్థికి విస్కాన్సిన్‌లో 17 వేలకు పైగా, మిషిగన్‌లో 26 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. ఈ రెండు చోట్లా ట్రంప్ ఆధిక్యం వాటికన్నా ఎక్కువ కాబట్టి ఫలితం మారలేదు. విస్కాన్సిన్‌లో తేడా 30 వేల లోపే. ఇంకొంచెం దగ్గరి పోటీ అయి ఉంటే, ఆ 17 వేల ఓట్ల గురించి ఈనాటికీ వాదించుకుంటూ ఉండేవారు.

ఈ రెండు వైపుల్లో ఏది సరి అంటే, నేను గడువు వైపే మొగ్గుతాను. నార్త్ కరోలినా జడ్జిల మాటలో న్యాయం ఉంది. కానీ ఒక అభ్యర్థి తన రాజకీయ లెక్క ప్రకారం ఆగస్టు చివర్లో మనసు మార్చుకుంటే, దాని ఖర్చు ఎక్కడో నౌకలో ఉన్న సైనికుడి మీద, కౌంటీ ఆఫీసులో రాత్రింబవళ్లు కవర్లు అతికించే గుమస్తా మీద పడకూడదు. 2002లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఈ ఖర్చు సంగతి ఆలోచించింది. సెనేటర్ రాబర్ట్ టారిసెల్లీ పోలింగ్‌కు 36 రోజుల ముందు తప్పుకున్నారు. చట్టంలో ఉన్నది 51 రోజులు. అయినా ఓటరుకు నిజమైన ఎంపిక ఉండాలంటూ కోర్టు ఏకగ్రీవంగా ఫ్రాంక్ లాటెన్‌బర్గ్‌ను అనుమతించింది. అచ్చు ఖర్చు మాత్రం డెమొక్రాటిక్ పార్టీయే భరించాలంది. నార్త్ కరోలినాలో ఆ భారం పార్టీ మీద పడలేదు, ప్రజల డబ్బు మీదే పడింది.

పేరు మారకపోతే ఆ ఓటు ఎవరికి?

అక్టోబర్‌లో ఒక ప్రధాన పార్టీ అధ్యక్ష అభ్యర్థి చనిపోయారనుకుందాం. కాగితం మీద పేరు మార్చే సమయం లేదు. అప్పుడు ఓట్లన్నీ చెత్తబుట్టలోకేనా? కాదు. అమెరికా ఓటరు గుర్తు వేసేది అభ్యర్థి పేరు పక్కనే అయినా, ఆ ఓటుతో గెలిచేది ఆ పార్టీ నిలబెట్టిన ఎలక్టర్లు. దేశం మొత్తం మీద 538 మంది. 270 వస్తే అధ్యక్షుడు. పాత పేరుకు పడిన ఓట్లతో పార్టీ ఎలక్టర్లే గెలుస్తారు, వాళ్లు డిసెంబర్‌లో పార్టీ చెప్పిన కొత్త మనిషికి ఓటేస్తారు. ఇదీ మామూలుగా చెప్పే సమాధానం.

చరిత్రలో ఇది రెండుసార్లు జరిగింది. 1912 అక్టోబర్ 30న, పోలింగ్‌కు ఆరు రోజుల ముందు, ఉపాధ్యక్షుడు జేమ్స్ షెర్మన్ మరణించారు. ఆయన రెండోసారి పోటీలో ఉన్నారు. పేరు మార్చే వ్యవధి లేక బ్యాలెట్లు అలాగే సాగాయి. ఆ ఏడాది అధ్యక్షుడు టాఫ్ట్, షెర్మన్ జోడీకి వచ్చినవి ఎనిమిది ఎలక్టోరల్ ఓట్లే. ఉపాధ్యక్షుడికి ఉద్దేశించిన ఆ ఎనిమిదీ నికొలస్ మరీ బట్లర్ అనే విశ్వవిద్యాలయ అధ్యక్షుడికి వేశారు. ఓడిన జోడీ కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

రెండోది 1872. న్యూయార్క్ పత్రికా సంపాదకుడు హొరేస్ గ్రీలీ, అధ్యక్షుడు గ్రాంట్ మీద పోటీ చేశారు. పోలింగ్‌కు కొద్ది రోజుల ముందు భార్య పోయింది. ఎన్నికలో చిత్తుగా ఓడారు. నవంబర్ 29న, ఎలక్టర్లు సమావేశం కాకముందే, తానూ కన్నుమూశారు. ఆయన వైపు గెలిచిన 66 మంది ఎలక్టర్లకు ఎవరికి ఓటేయాలో చెప్పే చట్టం లేదు. వాళ్లు చెల్లాచెదురయ్యారు. 42 మంది థామస్ హెండ్రిక్స్‌కు, 18 మంది గ్రాట్జ్ బ్రౌన్‌కు, మిగతా ముగ్గురు మరో ఇద్దరికి వేశారు. జార్జియాకు చెందిన ముగ్గురు చనిపోయిన గ్రీలీకే వేశారు. కాంగ్రెస్ ఆ మూడింటినీ లెక్కపెట్టలేదు. గెలిచినవాడు చనిపోయి ఉంటే? 1872లో గ్రాంట్ పోయి ఉంటే? ఎలక్టర్లు అలాగే చీలిపోతే? ఆ దేశానికి అప్పుడు జవాబు లేదు.

ఇప్పుడూ ఉన్నది సగమే. 38 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ ఎలక్టర్లను మాటకు కట్టుబడి ఉండమంటాయి. కట్టుబడి ఉండమనే అధికారం రాష్ట్రాలకు ఉందని 2020 జులైలో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. అభ్యర్థి చనిపోతే ఆ కట్టుబాటు వర్తిస్తుందా? ఆ తీర్పు కింద ఒక చిన్న సూచికలో, చనిపోయిన అభ్యర్థికే ఓటేయమని ఎలక్టర్లను కట్టిపడేయడానికి ఈ తీర్పు అనుమతి కాదని కోర్టు రాసింది. కాలిఫోర్నియా చట్టం అభ్యర్థులు జీవించి ఉంటేనే అంటుంది. చాలా రాష్ట్రాల చట్టాలు ఈ సంగతి ఎత్తవు. చావు గురించే ఇంత అస్పష్టత ఉంటే, బతికి ఉండి నవంబర్ 20న తప్పుకున్న మనిషి గురించి చెప్పేదేముంది?

ఎలక్టర్లు ఓటేశాక దారి కొంత సుగమం. 1933లో వచ్చిన ఇరవయ్యో సవరణ ప్రకారం, ఎన్నికైన అధ్యక్షుడు ప్రమాణానికి ముందే మరణిస్తే, ఎన్నికైన ఉపాధ్యక్షుడు అధ్యక్షుడవుతారు. అయితే ఆ మనిషి ‘ఎన్నికైన’వాడయ్యేది డిసెంబర్‌లో ఎలక్టర్ల ఓటుతోనా, జనవరి 6న కాంగ్రెస్ లెక్కింపుతోనా అన్న దాని మీద న్యాయ పండితుల్లో ఇంకా రెండు వాదనలున్నాయి. ఎవరికీ 270 రాక, ఎంపిక ప్రతినిధుల సభకు చేరి, ఎక్కువ ఎలక్టోరల్ ఓట్లు వచ్చిన మొదటి ముగ్గురు అభ్యర్థుల్లో ఒకరు మరణిస్తే ఏంచేయాలో చట్టం చేసుకోమని అదే సవరణ నాలుగో సెక్షన్ కాంగ్రెస్‌కు చెప్పింది. తొంభై ఏళ్లు దాటాయి. ఆ చట్టం రాలేదు.

2021 జనవరి 6న ఓట్ల లెక్కింపు జరుగుతుండగా ట్రంప్ మద్దతుదారులు పార్లమెంటు భవనం మీదికి దూసుకెళ్లిన గొడవ తర్వాత కాంగ్రెస్ కళ్లు తెరిచి, 2022లో ఎలక్టోరల్ ఓట్ల లెక్కింపు చట్టాన్ని తిరగరాసింది. ఉపాధ్యక్షుడికి ఫలితం మార్చే అధికారం లేదని తేల్చింది, అభ్యంతరాలకు గీత గీసింది. చనిపోయిన, తప్పుకున్న అభ్యర్థి జోలికి మాత్రం వెళ్లలేదు. రెండు పార్టీలూ కలిసి కూర్చుని చట్టం రాసిన అరుదైన సందర్భం అది, ఇంకో రెండు పేరాలు చేర్చడానికి అంతకన్నా మంచి అదను ఉండదు. దాన్ని వదిలేయడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

రాబోయే అధ్యక్ష ఎన్నిక 2028 నవంబర్ 7న. విదేశాల్లో ఉన్నవారికి బ్యాలెట్లు సెప్టెంబర్ 23 లోపు బయలుదేరాలి. ఎలక్టర్లు డిసెంబర్ 19న సమావేశమవుతారు. పోలింగ్‌కూ ఆ సమావేశానికీ మధ్య ఆరు వారాలు. గ్రీలీ కన్నుమూసింది సరిగ్గా ఇలాంటి వారాల్లోనే.